రాత్రి 2 గంటల ముహూర్తం, 800 మంది భోజనాలు: కల్యాణ మండపానికి అడ్వాన్స్ ఇచ్చేముందు ఏం చూడాలి?

చెల్లిపెళ్లి_బెజవాడ:
అందరికీ నమస్కారమండీ. చెల్లి పెళ్లి మాఘమాసంలో, విజయవాడలో. ముహూర్తం శుక్రవారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకి. రెండు వైపులా కలిపి 800 భోజనాలు. ఎక్కువమంది సాయంత్రం 7 తర్వాత వచ్చి, తిని వెళ్లిపోయేవాళ్లే. ముహూర్తం దాకా ఉండేది 150 మంది. రెండు చోట్లు చూశాం. ఒకటి ఊళ్లోనే పూర్తి ఏసీ హాలు, కింద డైనింగ్, పైన పెళ్లి. రెండోది కంకిపాడు దారిలో ఓపెన్ లాన్, పక్కన డైనింగ్ షెడ్డు. అద్దె ఇంచుమించు ఒకటే. అరటాకు వేసి కూర్చోబెట్టి వడ్డించాలని నాన్నగారి పట్టు. ఏది మంచిది? రశీదులో ఏమేం రాయించుకోవాలి?

మండపం_లెక్కలు:
ముందు తేదీ సంగతి తేల్చుకోండి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, హాలు వాళ్ల పుస్తకంలో అర్ధరాత్రి మారుతుంది. మీరు శుక్రవారం రాత్రి ముహూర్తం అంటారు, గుమాస్తా 2:14 అని విని శనివారం పేజీలో రాసుకుంటాడు. తీరా చూస్తే శుక్రవారం సాయంత్రం ఆ హాలు ఇంకొకరిది. శుభలేఖలో వేసినట్టే రశీదు మీద కూడా ‘శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం’ అని రాయించి, రెండు ఇంగ్లీషు తేదీలూ వేయించండి.

తర్వాత ‘ఒక రోజు అద్దె’ అంటే ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకానో అడగండి. కొన్నిచోట్ల ఉదయం 6 నుంచి మర్నాడు 6, కొన్నిచోట్ల మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12, కొన్నిచోట్ల 12 గంటలే. మీ ముహూర్తానికి అప్పగింతలయ్యేసరికి 5 దాటుతుంది. 6 కల్లా ఖాళీ చేయాలంటే ఒకపక్క అప్పగింతలు జరుగుతుంటే మరోపక్క కుర్చీలు మడుస్తుంటారు. అదనంగా 3 గంటలకి ఎంతో ఇప్పుడే మాట్లాడి రాయించుకోండి, ఆ రోజు అడిగితే వాళ్లు చెప్పిందే ధర.

రశీదులో ఇవి ఉండాలి: గదులు ఎన్ని, ఏసీ ఎన్ని గంటలు, కరెంటు యూనిట్ ధర (తాళాలు తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ మీటరు ఫోటో తీయండి), జనరేటర్ డీజిల్ ఎవరిది, క్లీనింగ్ చార్జీ, చెప్పిన అద్దెలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా లేదా, కాషన్ డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు. ఒక్క మాట అడగడానికి అందరూ మొహమాటపడతారు గానీ అడిగి తీరాలి: ఇంట్లో మైల వచ్చి ముహూర్తం మారితే అడ్వాన్స్ ఇంకో తేదీకి సర్దుతారా, పోయినట్టేనా? అది కాగితం మీద లేకపోతే ఏ మాటా నిలవదు.

వడ్డన_బంతి:
కేటరింగ్ వైపు నుంచి చెబుతాను. హాలు 1000 మందికి సరిపోతుందని చెప్పేది పైన కుర్చీల లెక్క. మీకు కావాల్సింది డైనింగ్‌లో ఒక బంతికి ఎందరు అన్నది. ఆకు భోజనానికి మనిషికి రెండడుగుల బల్ల కావాలి, అంటే ఆరడుగుల బల్లకి ముగ్గురే. యజమాని నలుగురి లెక్కన చెబుతాడు, ఆకులు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. వరసల మధ్య వడ్డించేవాళ్లు ఎదురెదురుగా తప్పుకోవడానికి నాలుగడుగులు తగ్గకూడదు. తినడానికి 25 నుంచి 30 నిమిషాలు, ఆకులు తీసి, తుడిచి మళ్లీ ఆకులు వేయడానికి 10 నిమిషాలు. కాబట్టి బంతికి 40 నిమిషాలు వేసుకోండి. 200 మంది కూర్చుంటే నాలుగు బంతులు, రెండు గంటల నలభై నిమిషాలు. 150 మందే పడితే ఆరు బంతులవుతాయి, చివరి బంతి లేచేసరికి నాలుగు గంటలు. మూడో బంతి నుంచే తినేవాళ్ల కుర్చీల వెనక జనం నిలబడతారు. మర్యాద పోయేది అక్కడే.

వంటగది డైనింగ్ ఉన్న అంతస్తులోనే, దాని వెనకే ఉండాలి. సాంబారు డేగిసాలు మెట్ల మీదుగా మోయాల్సి వస్తే ఆ హాలు వద్దు. వంటగదిలో మురుగు కాలువ, అంట్లు తోమే చోట వేరే కుళాయి, 19 కిలోల సిలిండర్లు గోడ బయట పెట్టుకునే వీలు చూడండి. మరో సంగతి: కూరలు తరగడం, స్వీట్లు చేయడం ముందు రోజు రాత్రే మొదలవుతుంది. మీకు హాలు శుక్రవారం పొద్దున ఇస్తే సరిపోదు, వంటగది గురువారం సాయంత్రానికల్లా ఇస్తారా అని అడగండి.

బయటి కేటరర్‌ని తెచ్చుకుంటే ప్లేటుకి ఇంత అని రాయల్టీ అడిగే హాళ్లు చాలా ఉన్నాయి. డెకరేషన్‌కీ అదే పద్ధతి. రెండు చోట్లా అద్దె ఒకటే అనుకునే ముందు అవి కలిపి చూడండి.

పౌరోహిత్యం_గుంటూరు:
లాన్ గురించి ఒక మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకు వాడకూడదు, నాలుగు గోడల హాలు లోపల వాడుకోవచ్చు. మీ ముహూర్తం రాత్రి 2:14కి. లాన్‌లో అయితే మైకు లేకుండా మంత్రం చదవాలి, ఆ వేళ ఆరుబయట వాద్యాలు కూడా వాయించకూడదు కాబట్టి సన్నాయి కూడా కుదరదు. పైగా మాఘమాసంలో ఆ వేళకి మంచు దిగుతుంది. పందిరి పైన కప్పు లేకపోతే పెద్దవాళ్లు కూర్చోలేరు.

ఏసీ హాలైతే అగ్నిహోత్రం స్టేజి మీద చేయనిస్తారా అని సూటిగా అడగండి. కొందరు ‘కర్పూరంతో కానివ్వండి’ అంటారు. ఇసుక పోసి ఇటుకలు పేర్చి, దాని మీద ఇనుప హోమగుండం పెడితే కార్పెట్‌కి ఏమీ కాదు. డెకరేషన్ గుడ్డలు, థర్మోకోల్ మాత్రం మూడడుగుల దూరంలో ఉండాలి. పొగ బయటికి లాగే ఫ్యాన్ స్టేజి దగ్గర ఉందో లేదో చూడండి. పొగ అలారం ఉంటే ఆ గంటసేపు ఏం చేస్తారో మేనేజరు చెప్పాలి.

స్టేజి దిక్కు కూడా గమనించండి. ఎక్కువ ఇళ్లలో జీలకర్ర బెల్లం వేళ వరుడు తూర్పు ముఖంగా, వధువు పడమర ముఖంగా కూర్చుంటారు. స్టేజి పడమటి గోడకి ఉంటే అమ్మాయి వీపే జనానికి కనిపిస్తుంది. ఉత్తరం గోడకో దక్షిణం గోడకో ఉంటే ఇద్దరూ పక్కనుంచి చక్కగా కనిపిస్తారు, మీ ఆచారం మీ పురోహితుణ్ణి అడిగి ఖాయం చేసుకోండి.

కరెంటు_పందిరి:
జనరేటర్ ఉంది అనగానే సంతోషించకండి. దాని మీద ఏసీ నడుస్తుందా, లైట్లూ ఫ్యాన్లేనా? 800 మంది పట్టే హాలుకి దాదాపు 60 టన్నుల ఏసీ కావాలి. 62 కేవీఏ (జనరేటర్ సామర్థ్యం కొలత) జనరేటర్ దాన్ని లాగలేదు. 125 కేవీఏ, ఆపైన ఉండాలి, అది గంటకి సుమారు 20 లీటర్ల డీజిల్ తాగుతుంది. లిఫ్టు కూడా జనరేటర్ మీద తిరుగుతుందో లేదో చూడండి, మీ పెళ్లి పై అంతస్తులో కదా.

పార్కింగ్‌కి కారుకి దారితో కలిపి 30 గజాలు లెక్క. ఎకరంలో 160 కార్లు. ఊళ్లో హాలుకి అంత స్థలం ఉండదు కాబట్టి పక్క స్థలం ఏదైనా మాట్లాడి ఉంచారేమో అడగండి.

చెల్లిపెళ్లి_బెజవాడ:
చాలా ఉపయోగపడిందండీ. ఏసీ హాలుకి ఫోన్ చేశాను. హోమానికి ఒప్పుకున్నారు, జనరేటర్ 160 కేవీఏ. డైనింగ్‌లో ఆరడుగుల బల్లలు 60. అంటే ముగ్గురి లెక్కన 180 మందే. ఐదు బంతులు పడతాయి. ఏం చేయాలి?

వడ్డన_బంతి:
180 చాలు, ఒక సర్దుబాటు చేస్తే. కింద పోర్టికోలో 150 మందికి బఫే కౌంటర్ ఒకటి పెట్టించండి, వయసు పిల్లలు, ఆఫీసు స్నేహితులు అటు వెళతారు. మిగిలిన 650 మందికి నాలుగు బంతులు. మొదటిది 7 కి వేస్తే 9:40 కల్లా అయిపోతాయి. ఆకు భోజనం మెనూయే బఫేలోనూ పెట్టండి. రెండు మెనూలు చేస్తే అటూ ఇటూ తిరిగి తినేవాళ్లతో లెక్క తప్పుతుంది. ముహూర్తం దాకా ఉండే 150 మందికి రాత్రి 12 గంటలకి ఉప్మా, కాఫీ వేరే చెప్పి ఉంచండి, అది 800లో కలపకూడదు.