అప్‌డేట్: హాల్లో కార్నిస్ పీఓపీదా, పీయూదా?

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఫ్లాట్‌లో గోడకీ సీలింగ్‌కీ మధ్య వేసే అలంకార పట్టీ, అంటే కార్నిస్, పీఓపీతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) చేయించాలా, పాలీయురేతేన్‌తోనా (పీయూ, ఒకరకం ప్లాస్టిక్ నురగ) అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పాలీయురేతేనే వేయించాం. పీఓపీ అంటే జిప్సమే. తేమ పీలుస్తుంది, ఎక్కువకాలం తడిస్తే మెత్తబడి పొడి రాలుతుంది. మా పడకగదిలో పాత పీఓపీ అంచు చూస్తే చాలు, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పీయూకి ఆ బెడద లేదు, బరువూ తక్కువే.

అసలు పనంతా మూలల్లోనే. పట్టీని 45 డిగ్రీలకి కోస్తే సరిపోతుందంటారు గానీ, మన గోడలు కచ్చితంగా 90లో ఎక్కడుంటాయి? కార్పెంటర్ ప్రతి మూల కోణమూ కొలిచి, అందులో సగానికి కోశాడు. మిగిలిన సన్న సందులు అక్రిలిక్ సీలెంట్‌తో నింపి పెయింట్ వేశారు. సిలికాన్ వద్దన్నవాళ్లకు థాంక్స్, దాని మీద పెయింట్ పట్టదట. మేకులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే. మామూలువైతే ఉప్పుగాలికి తుప్పు మరక పైకి వచ్చేస్తుంది.

స్కర్టింగ్‌కి, అంటే గోడ అడుగున వేసే పట్టీకి, ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసే బోర్డు) వద్దన్నాను. రోజూ తడిగుడ్డ పెట్టే ఇంట్లో అది ఉబ్బిపోతుంది. టైల్ పట్టీయే ఉంచేశాం. సీలింగ్ మధ్యలో గుండ్రటి పువ్వు డిజైన్ మాత్రం మానేశాం. ఇంత తక్కువ ఎత్తు హాల్లో అది నెత్తిమీద కూర్చున్నట్టుంటుందని మా అత్తయ్యగారు తేల్చేశారు.