‘రెండు జెళ్ళ సీత’ను మా కాలనీ పిల్లలకు చూపించాలా, వద్దా?

వాల్తేరు అప్‌ల్యాండ్స్:
వేసవి సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ డాబా మీద తెర కట్టి, ప్రతి ఆదివారం ఒక పాత తెలుగు సినిమా వేద్దామనుకున్నాం. మొదటిది జంధ్యాల గారి ‘రెండు జెళ్ళ సీత’ అన్నాను. తెలియని పిల్లల కోసం కథ రెండు ముక్కల్లో: నరేష్, ప్రదీప్, రాజేష్, శుభాకర్ నలుగురు కుర్రాళ్లు. ఇంటి దగ్గరికి కొత్తగా వచ్చిన సీత మీద నలుగురూ మనసు పడతారు, ఒకరిని మించి ఒకరు ఆమె మెప్పు కోసం పాట్లు పడతారు. ఆమె పెళ్లి కట్నం దగ్గర ఆగిపోయిందని తెలిశాక ఆమెకు అండగా నిలబడతారు. సీతగా మహాలక్ష్మి, సంగీతం రమేష్ నాయుడు, వచ్చింది 1983లో. కమిటీలో ఇద్దరు వద్దంటున్నారు. ఈనాటి పిల్లలకు ఇది తప్పుడు పాఠం అవుతుందట. మీరేమంటారు?

డాబాగార్డెన్స్ పాతకాపు:
వద్దన్నవాళ్లు సినిమా పూర్తిగా చూశారా? ఈ ఊళ్లో పెరిగిన ఎవరికైనా జంధ్యాల గారి సినిమా అంటే ఇంట్లో మనిషి లెక్క. ఆయన తొలి సినిమా ‘ముద్దమందారం’ 1981లో, మరుసటి ఏడు ‘నాలుగు స్తంభాలాట’, ఆ తర్వాత ఇది. మూడూ పడుచుపిల్లల కథలే. బూతు లేదు, రక్తం లేదు. 1978లో ఇదే విశాఖలో బాలచందర్ గారు తీసిన ‘మరోచరిత్ర’ చూసి మా పైబ్యాచ్ వాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. అందులో ప్రేమ చావుతో ముగిసింది. ఆ వయసులో పుట్టే ఇష్టం దక్కకపోయినా బతుకు ఆగిపోదని, దాన్ని నవ్వుతూ దాటొచ్చని మాకు చెప్పింది మాత్రం జంధ్యాల గారే. ఇది తప్పుడు పాఠం ఎలా అవుతుంది?

మురీ మిక్చర్:
వెయ్యండి. బీచ్ నుంచి మిక్చర్ నేను తెస్తాను.

భీమిలి రోడ్డు:
అసలు సమస్య ఎవరూ చెప్పట్లేదు. రెండు జడలంటే స్కూలు పిల్ల. పేరులోనే చిన్నపిల్ల అని ఉంది. అలాంటి పిల్ల వెనక నలుగురు పడటం ఏమిటి?

డాబాగార్డెన్స్ పాతకాపు:
బాబూ, ఆ రోజుల్లో డిగ్రీ చదివే ఆడపిల్లలు కూడా రెండు జడలు వేసుకునేవారు. కావాలంటే మీ అమ్మగారి కాలేజీ గ్రూప్ ఫోటో తీసి చూడండి.

భీమిలి రోడ్డు:
మా అమ్మ ఫోటో ఇప్పుడే చూశాను. ఒంటిజడే.

డాబాగార్డెన్స్ పాతకాపు:
ఒక్క ఫోటోతో ఊరంతా తేల్చేస్తారా? మా అక్క బీఎస్సీ చివరి ఏడాది దాకా రెండు జళ్లు, రిబ్బన్లు. ఇంతకీ సీతకు పెళ్లి కుదిరి ఆగింది. ఆమె పెళ్లీడు పిల్ల, స్కూలు పిల్ల కాదు.

వీధిబడి:
నేను టీచర్‌ని. ఇష్టం లేదని చెప్పాక కూడా ఆడపిల్ల వెంటపడితే నేరమని 2013లో భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్ పెట్టారు. 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్. సినిమా వెయ్యండి, కానీ ఈ మాట కూడా పిల్లలకు చెప్పండి.

డాబాగార్డెన్స్ పాతకాపు:
చట్టం దాకా వెళ్లారు కాబట్టి చెబుతున్నాను. భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింస మీద 498ఎ సెక్షన్ చట్టంలోకి వచ్చింది కూడా 1983లోనే, ఏడాది ఆఖర్లో. కట్నం నిషేధం 1961 నుంచీ ఉంది. ఉండీ పీటల మీద పెళ్లిళ్లు ఆగిపోయేవి. ఆ విషయాన్ని నవ్వుల సినిమాలో పెట్టి, కట్నం అడిగినవాడు సిగ్గుపడేలా తీశారు జంధ్యాల గారు. ఆడపిల్ల పక్షాన నిలబడిన సినిమాని ఆడపిల్లల పేరు చెప్పి ఆపుతారా?

ఉప్పుగాలి:
రెండు రోజులుగా చదువుతున్నాను, రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మాది వన్‌టౌన్. 1988లో ఇంటర్ రెండో ఏడాది. రెండు జడలే వేసుకునేదాన్ని, భీమిలి రోడ్డు గారికి ఆ సందేహం తీరాలి. ఎదురింటి డాబా మీద ముగ్గురు కుర్రాళ్లు ఉండేవారు. నేను బట్టలు ఆరేస్తే పాట, నీళ్లు పడితే ఈల. నన్ను ముట్టుకోలేదు, చెడ్డ మాట అనలేదు. అందరూ మంచి ఇళ్ల పిల్లలే. ఒకరోజు కాగితం మడిచి మా పెరట్లోకి విసిరారు. నా కంటే ముందు నాన్నగారు చూశారు. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు అమ్మ నా తలకు నూనె పెట్టి ఒంటిజడ వేసింది. ‘ఇక పెద్దదానివయ్యావు’ అంది. పరీక్షలు రాశాను. డిగ్రీ ఫారం తేలేదు. ఆరు నెలల్లో పెళ్లి.

కొన్నేళ్ల క్రితం ఒక పెళ్లిలో ఆ ముగ్గురిలో ఒకాయన కనబడ్డాడు. మా పిల్లల ముందు నవ్వుతూ, ‘మీ ఇంటి ముందు ఎంత అల్లరి చేసేవాళ్లమో గుర్తుందా’ అన్నాడు. ఇద్దరం కలిసి ఆడుకున్న ఆటలా చెప్పాడు.

ఉక్కునగరం:
అమ్మా, చదివి నోట మాట రాలేదు.

డాబాగార్డెన్స్ పాతకాపు:
మీకు జరిగింది అన్యాయమే. కానీ మీ చదువు ఆపింది సినిమా కాదు, ఆ కుర్రాళ్లు కూడా కాదు. మీ నాన్నగారు. ఆ కోపం జంధ్యాల గారి మీద తీర్చుకోవడం న్యాయమా?

ఉప్పుగాలి:
మా నాన్నగారు పోయి పదకొండేళ్లు. పోర్టులో గుమాస్తా, మేం నలుగురు ఆడపిల్లలం. వీధిలో మా పేరు పోతే తర్వాత ముగ్గురికీ సంబంధాలు రావని భయపడ్డారు. ఆయన చేసింది తప్పే, ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. కానీ ఆ భయం ఇంట్లోకి తెచ్చిందెవరు? మీకు మా నాన్న కనబడుతున్నారు, డాబా మీద ముగ్గురు కనబడట్లేదు. ఎందుకో చెప్పండి.

భీమిలి రోడ్డు:
నేను మొదటే అన్నాను, రెండు జడలంటే...

డాబాగార్డెన్స్ పాతకాపు:
జడల గోల ఆపండి! మీరంతా కలిసి నవ్వడమే నేరం చేస్తున్నారు. రేపు బాలచందర్ గారి సినిమా వద్దంటారు, ఎల్లుండి ఇంకోటి. మాకు మిగిలినవే నాలుగు జ్ఞాపకాలు. అవీ పెరికేస్తారా?

నిర్వాహకులు:
గొంతులు తగ్గించండి. వ్యక్తిగతంగా వెళ్తే చర్చ మూసేస్తాం.

ఉప్పుగాలి:
నేను వెయ్యొద్దని ఎక్కడా అనలేదు, పైకి వెళ్లి చదవండి. నాకు ఆ సినిమా ఇష్టం. సుత్తి వీరభద్రరావు గారు తెర మీదికి వస్తే నేనూ నవ్వుతాను. నేను అడిగింది ఒక్కటే. మీరంతా దాన్ని నలుగురు స్నేహితుల కథ అంటున్నారు. సీత పేరు పెట్టిన సినిమాలో సీతకు ఎలా ఉండి ఉంటుందని ఇన్ని పోస్టుల్లో ఒక్కరు అడిగారా?

డాబాగార్డెన్స్ పాతకాపు:
నిన్న రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచి వచ్చి రాస్తున్నాను.

మేమూ నలుగురమే. 1983లో నాకు పదిహేడేళ్లు. రెండు సైకిళ్ల మీద నలుగురం వెళ్లి ఆ సినిమా నాలుగుసార్లు చూశాం. ఎవడు నరేష్, ఎవడు ప్రదీప్ అని కొట్టుకునేవాళ్లం. మాలో ఒకడు 2021 మేలో కోవిడ్‌తో పోయాడు. మాకు ముఖం కూడా చూపించలేదు. మిగిలిన ఇద్దరికీ స్థలం తగాదా వచ్చి మాటల్లేవు. నలుగురం ఒకచోట ఉన్నది ఇక ఆ సినిమాలోనే. దాన్ని ఎవరైనా తప్పంటే నాకు మావాడిని తప్పంటున్నట్టు వినబడింది. అందుకే మీ నాన్నగారి దాకా వెళ్లాను. ఆ మాట అనకూడదమ్మా, క్షమించండి.

ఇంకొకటి. మా వీధిలోనూ ఒక ఇంటి ముందు మేం బెల్లు కొట్టుకుంటూ తిరిగేవాళ్లం. దసరా సెలవులయ్యాక వాళ్లు ఇల్లు ఖాళీ చేసేశారు. ట్రాన్స్‌ఫర్ అనుకున్నాం. ఎందుకు వెళ్లారని నలభై ఏళ్లలో మా నలుగురిలో ఒక్కడూ అడగలేదు. మీ పోస్టు చదివాక ఆ ఇంటి గేటే కళ్ల ముందు తిరుగుతోంది.

ఉప్పుగాలి:
ఆ అమ్మాయి వాళ్లకు నిజంగా ట్రాన్స్‌ఫరే అయి ఉండొచ్చు. అయి ఉండాలనే నా కోరిక.

మీ స్నేహితుడి గురించి చదివి బాధపడ్డాను. మా తమ్ముడూ ఆ నెలలోనే పోయాడు.

వాల్తేరు అప్‌ల్యాండ్స్:
అందరికీ నమస్కారం. కమిటీ ఒప్పుకుంది. ఆదివారం సాయంత్రం ఆరున్నర. సినిమా అయ్యాక పది నిమిషాలు పిల్లలతో మాట్లాడాలని వీధిబడి గారిని అడిగాం. ఉప్పుగాలి గారూ, మీరూ రెండు మాటలు చెబుతారా?

డాబాగార్డెన్స్ పాతకాపు:
సినిమా వెనక ఉపన్యాసం వద్దని ఇప్పటికీ నా మాట. పిల్లలు నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాలి.

ఉప్పుగాలి:
నా మాటా మారలేదు. కానీ నేను మైకు పట్టుకోను. మా మనవరాలు ఇంటర్ మొదటి ఏడాది, దాన్ని తీసుకొస్తాను. దాని పక్కన కూర్చుని చూస్తాను. అది ఏదైనా అడిగితే దానికి చెబుతాను.

డాబాగార్డెన్స్ పాతకాపు:
మాటల్లేని మావాళ్లిద్దరికీ ఇవాళ ఫోన్ చేశాను. ఒకడు ఎత్తాడు, వస్తానన్నాడు. రెండోవాడికి మళ్లీ చేస్తాను. వెనక వరసలో మూడు కుర్చీలు ఉంచండి. నాలుగోది కూడా వెయ్యండి, ఎవరినీ కూర్చోబెట్టొద్దు.

భీమిలి రోడ్డు:
మా అమ్మ ఇంకో ఫోటో చూపించింది. టెన్త్‌లో రెండు జడలు, ఇంటర్‌లో ఒంటిజడ. ఎందుకు మార్చావని అడిగాను. ‘అప్పట్లో అంతే’ అంది. ఆదివారం అమ్మని కూడా తీసుకొస్తున్నాను.