అమ్మానాన్నలతో డుబ్రోవ్నిక్: వీసా, మెట్లు, భోజనం సంగతులు

అందరికీ నమస్తే. మాది గుంటూరు. ఈ మధ్యే స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగంలో చేరాను. ఆగస్టులో అమ్మానాన్న మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు, వాళ్లకి క్రొయేషియాలో డుబ్రోవ్నిక్ చూపించాలని ఉంది. స్ప్లిట్ దాకా ఫ్లైట్, అక్కణ్నుంచి బస్సులో డుబ్రోవ్నిక్, ఒక రోజు మాంటెనెగ్రోలో కోటోర్, ఒక రోజు బోస్నియాలో మోస్తార్ అనుకుంటున్నాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఈ ప్లాన్ చూసి చెప్తారా?

*

తమ్ముడూ, ఇంకా ఏదీ బుక్ చేయకపోతే ముందు ఒక పని చెయ్. అమ్మావాళ్ల వీసా స్టిక్కర్ ఫోటో తెప్పించుకుని ఎంట్రీల గడిలో ఏముందో చూడు. అక్కడ 'మల్ట్' అని ఉంటే సరే. '01' అని ఉంటే మాత్రం కోటోర్, మోస్తార్ రెండూ ఇప్పుడే కొట్టెయ్, ఆలోచించొద్దు కూడా. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, యూరో కూడా అదే రోజు వచ్చింది, కాబట్టి జర్మనీ ఇచ్చిన వీసాతో డుబ్రోవ్నిక్ దాకా ఏ ఇబ్బందీ లేదు. మాంటెనెగ్రో, బోస్నియా మాత్రం షెంగెన్ బయట. సింగిల్ ఎంట్రీ వాళ్లు ఆ గీత దాటారంటే ఉన్న ఒక్క ఎంట్రీ అయిపోయినట్టే, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు క్రొయేషియా బోర్డర్‌లో ఆపేస్తారు. నీకు జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి నువ్వు వెళ్లి రావచ్చు, వాళ్లు రాలేరు. పాత ఊరి గేటు బయట 'కోటోర్ వన్ డే టూర్' అని అమ్మేవాళ్లు నీ డబ్బులు తీసుకుంటారే గానీ వీసాలో ఎన్ని ఎంట్రీలున్నాయని అడగరు. అది మనమే చూసుకోవాలి.

స్ప్లిట్ నుంచి బస్సు అన్నావు, అందులోనూ ఇదే మెలిక ఉంది. మ్యాప్ పెద్దది చేసి చూస్తే డుబ్రోవ్నిక్‌కి పైన క్రొయేషియా తీరం మధ్యలో తెగిపోయి, నెయుమ్ అనే ఊరి దగ్గర బోస్నియా సముద్రం దాకా వచ్చి ఉంటుంది. దీని వెనక మూడు వందల ఏళ్ల కథ ఉంది. డుబ్రోవ్నిక్ అప్పట్లో రగూసా అనే సొంత రిపబ్లిక్, దానికి వెనిస్ అంటే భయం. 1699 నాటి కార్లోవిట్జ్ ఒప్పందంలో తనకీ వెనిస్ భూములకీ మధ్య అడ్డుగా ఉంటుందని తన నేల ముక్కే అప్పట్లో బోస్నియాని ఏలుతున్న ఒట్టోమాన్ తుర్కులకి వదిలేసింది. ఆ ముక్క తర్వాత బోస్నియాలో ఉండిపోయింది, ఇవాళ మన పాస్‌పోర్ట్ పట్టుకున్నవాళ్లకి టెన్షన్ పెడుతోంది. 2022 జూలైలో పెల్యేషాత్స్ వంతెన తెరిచాక బోస్నియాలోకి వెళ్లకుండానే డుబ్రోవ్నిక్ చేరొచ్చు. బస్సు టికెట్ కొనేటప్పుడు 'వంతెన మీదుగానా, నెయుమ్ మీదుగానా' అని కచ్చితంగా అడుగు. కారు అద్దెకి తీసుకుంటే మ్యాప్ చూపించిన దారిలో గుడ్డిగా వెళ్లకు. నన్నడిగితే అమ్మావాళ్లతో ఈ స్ప్లిట్ బస్సే వద్దు, నాలుగు గంటల పైనే ప్రయాణం. డుబ్రోవ్నిక్‌కి నేరుగా ఫ్లైట్ చూడు, సీజన్లో జర్మనీ నుంచి బాగానే ఉంటాయి. రైలు కోసం వెతక్కు, ఆ ఊరికి రైలే లేదు.

ఇక ఆగస్టు. వాళ్ల వీసా సెప్టెంబర్ చివరిదాకా ఉంటే ట్రిప్ అప్పటికి జరుపు. ఎండ తగ్గుతుంది, సముద్రం వెచ్చగానే ఉంటుంది, గదుల రేట్లు కూడా కొంచెం దిగుతాయి. ఆగస్టు తప్పదంటే పాత ఊళ్లోకి పొద్దున్న తొమ్మిదిలోపో, సాయంత్రం ఐదు దాటాకో వెళ్లండి. పగలు క్రూయిజ్ ఓడల జనం దిగుతారు. ఒకేసారి రెండు ఓడలకి మించి వద్దని నగరం పరిమితి పెట్టుకుంది, అయినా అంత చిన్న ఊరికి అది చాలా ఎక్కువ. ఏ రోజు ఏ ఓడ వస్తుందో ఆన్‌లైన్‌లో షెడ్యూల్ దొరుకుతుంది, చూసుకుని రోజులు వేసుకో.

బస పాత ఊళ్లో వద్దు. ఫోటోల్లో బాగానే కనిపిస్తుంది గానీ, మధ్యలో స్ట్రాడున్ అనే వీధి ఒక్కటే చదును, దానికి రెండు పక్కలా సందులు మెట్ల మీద మెట్లుగా పైకి పోతాయి. సూట్‌కేసులు, అమ్మ మోకాళ్లు, రెండూ అక్కడ కష్టమే. పాత ఊరి బయట లాపాద్ అనే పేట వైపు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకో. అక్కడ సముద్రం దాకా వాహనాలు రాని చదునైన నడకదారి ఉంది, 6వ నంబర్ బస్సు పాత ఊరి ద్వారమైన పిలె గేటు దగ్గరే దింపుతుంది. బుక్ చేసేముందు ఓనర్‌కి మెసేజ్ పెట్టి 'రోడ్డు నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లు' అని అడుగు, ఎందుకంటే లాపాద్‌లోనూ కొండమీది ఇళ్లున్నాయి.

ఇక పాత ఊరి చుట్టూ ఉన్న కోటగోడ గురించి. చుట్టుకొలత దాదాపు 1,940 మీటర్లు, నీడ ఉండదు, ఎక్కాక ఒకే దిశలో నడవాలి, దిగే చోట్లు కొన్నే. అమ్మని ఎక్కించకు. నువ్వూ నాన్నగారూ తెరిచే టైమ్‌కే ఎక్కేయండి. గోడ టికెట్ ఒక్కటే కొనేకంటే డుబ్రోవ్నిక్ పాస్ మేలు, ధర ఇంచుమించు అంతే, సిటీ బస్సులు, మ్యూజియాలు కూడా అందులోనే వస్తాయి. అమ్మకి పాస్ దండగ. పైనుంచి కప్పులు గమనించు. కొన్ని పెంకులు కొట్టొచ్చినట్టు ఎర్రగా, కొన్ని వెలిసిపోయి పసుపు, గోధుమ రంగుల్లో ఉంటాయి. ఎర్రవి చాలావరకు, క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోయినప్పుడు జరిగిన యుద్ధం తర్వాత వేసినవి. 1991 డిసెంబర్ 6న యుగోస్లావ్ సైన్యం ఈ పాత ఊరి మీద ఫిరంగి గుండ్లు కురిపించింది, అప్పటికే ఇది యునెస్కో జాబితాలో ఉన్నా ఆగలేదు. గేటు దగ్గర ఏ ఇంటికి ఎక్కడ దెబ్బ తగిలిందో చూపించే మ్యాప్ గోడకి పెట్టారు, ముందు అది చూసి పైకెక్కండి. ఊరు అందంగా ఉందని ఫోటోలు తీసుకుని వచ్చేయడం నాకు నచ్చదు, అక్కడివాళ్లు ఆ కప్పులు మళ్లీ ఒక్కొక్కటే కట్టుకున్నారు.

మీరు గోడ మీద ఉన్నంతసేపూ అమ్మ పాత రేవు దగ్గర బెంచీ మీద హాయిగా కూర్చోవచ్చు. చెప్పులు మాత్రం మంచి పట్టు ఉన్నవి వేయించు. స్ట్రాడున్‌లో పరిచిన సున్నపురాయి జనం నడిచి నడిచి అద్దంలా నునుపైపోయింది, వాన చినుకు పడిందా, హవాయి చెప్పులతో జారిపడటం ఖాయం.

*

భోజనం సంగతి నేను చెప్తాను. పోయినేడాది మా అత్తయ్యగారితో వెళ్లాం, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. హోటల్లో 'బెజ్ మెసా' అంటే మాంసం లేకుండా అని, కానీ చేప చాలామందికి మాంసం లెక్కలోకి రాదు, అందుకని 'బెజ్ రిబె' అని కూడా చెప్పాలి. నల్లగా ఉండే రిసొట్టో కనిపిస్తుంది, అన్నమే కదా అని తెప్పించకండి, ఆ నలుపు ఒక సముద్రజీవి సిరాది. బ్లిత్వా అడగండి, బచ్చలిలాంటి ఆకు, బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి మగ్గబెడతారు, కొంచెం కారప్పొడి చల్లుకుంటే మన ఇంటి కూరే. పొద్దున్న బేకరీలో జున్నులాంటిది పెట్టిన బురెక్ వేడివేడిగా దొరుకుతుంది. రాత్రికి మాత్రం గదిలో వండుకోండి. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి జర్మనీ నుంచే తీసుకెళ్లండి, పెరుగు అక్కడ సూపర్‌మార్కెట్లో ఉంటుంది. మంచినీళ్లు కొనకండి, పిలె గేటు లోపల గుండ్రంగా పెద్ద ఒనోఫ్రియో ఫౌంటెన్ ఉంది, 15వ శతాబ్దంలో కట్టింది, ఆ నీళ్లు ఇప్పటికీ అందరూ సీసాల్లో పట్టుకుంటారు. బీచ్‌లన్నీ గులకరాళ్లే, నీళ్లలో వేసుకునే రబ్బరు బూట్లు ముగ్గురికీ కొనండి.

*

అన్నయ్యా, అక్కా, చాలా థాంక్స్. ఇప్పుడే ఫోటో వచ్చింది, ఇద్దరిదీ '01'. కోటోర్, మోస్తార్ తీసేశాను. మరి ఆ రెండు రోజులూ ఏం చూపించను?

*

ఒక రోజు త్సావ్‌తాత్, డుబ్రోవ్నిక్ దగ్గర్లోనే ఉన్న తీరపు ఊరు. 10వ నంబర్ బస్సులో గానీ పడవలో గానీ వెళ్లొచ్చు, పడవైతే అమ్మకి ఇంకా బాగుంటుంది. సముద్రం ఒడ్డునే చదునైన దారి, చెట్ల నీడ, మెట్ల బాధ లేదు. 1377లో రగూసా ఒక చట్టం చేసింది, ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు త్సావ్‌తాత్‌లోనో, దగ్గర్లోని మ్ర్కాన్ దీవిలోనో నెల రోజులు ఆగి, అప్పుడే నగరంలోకి రావాలని. కోవిడ్ రోజుల్లో మనం గదుల్లో ఉండిపోయిన పద్ధతికి మొదలు ఇదే. నాన్నగారికి చెప్పు, ఆసక్తిగా వింటారు.

రెండో రోజు స్తోన్ అనే చిన్న ఊరు, యాభై కిలోమీటర్లు, పూర్తిగా క్రొయేషియాలోనే. అక్కడి ఉప్పు మళ్లు రగూసా కాలం నుంచి ఇప్పటికీ నడుస్తున్నాయి, ఎండాకాలం చివర్లో ఉప్పు తీస్తారు. మన తీరంలో ఉప్పు కొటార్లు చూసినవాళ్లకి అది బాగా నచ్చుతుంది. ఊరి వెనక కొండమీదికి 14వ శతాబ్దపు గోడ ఎక్కుతుంది, కింద నుంచి చూస్తే చాలు.

ఓపిక మిగిలితే పాత రేవు నుంచి లోక్రుమ్ దీవికి పడవ ఉంది, పావుగంట ప్రయాణం, నెమళ్లు మనుషుల మధ్యే తిరుగుతుంటాయి. చివరి పడవ టైమ్ దిగగానే ఫోటో తీసి పెట్టుకో, రాత్రి అక్కడ ఎవర్నీ ఉండనివ్వరు. పాస్‌పోర్టులూ, ఇన్సూరెన్స్ కాగితాలూ నీ దగ్గరే ఉంచుకో, జర్మనీ నుంచి ఫ్లైట్లో చెకింగ్ లేదు కదా అని ఇంట్లో వదిలేయకండి. ఫ్లైట్ తేదీలు ఖాయం అయ్యాక ఇక్కడ పెట్టు, లాపాద్‌లో మెట్లు లేని ఇళ్లు రెండు మూడు తెలుసు, లింకులు పంపిస్తాను.