సదరం (వైకల్య సర్టిఫికెట్)లో 35 శాతమే ఉందని స్క్రైబ్‌ని, అంటే మనం చెప్తుంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, ఇవ్వం అంటున్నారు, రూలు నిజంగా అలాగే ఉందా?

డిగ్రీ_రెండో_ఏడు:
చిన్నప్పుడు దెబ్బ తగిలి నా కుడిచేతి వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. రెండు పేజీలు రాసేసరికి చెయ్యి పట్టేస్తుంది. పోయినేడు మూడు గంటల పేపర్లో జవాబు తెలిసిన ప్రశ్నలు కూడా వదిలేసి లేచొచ్చాను. ఈసారి స్క్రైబ్ కావాలని ఎగ్జామినేషన్ బ్రాంచికి వెళ్తే కౌంటర్లో సర్టిఫికెట్ చూసి "40 లేదు కదమ్మా, కుదరదు" అని వెనక్కిచ్చేశారు. ఆ ఐదు శాతం తక్కువైనందుకు నా చెయ్యి బాగైపోయినట్టా? పరీక్షలు వచ్చే నెలే, ఒకటే టెన్షన్.

లైబ్రరీ_మూల:
వాళ్లు రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నారు. 40 శాతం లెక్క 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో రిజర్వేషన్ కోసం పెట్టింది, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు దాని కిందే వస్తాయి. స్క్రైబ్ సంగతి వేరు. వికాస్ కుమార్ అనే అభ్యర్థికి రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య, వైకల్యం 6 శాతమే అన్నారు, యూపీఎస్సీ స్క్రైబ్ ఇవ్వనంది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆయనకు ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో 40 లోపు ఉన్నవాళ్ల కోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. మీకు కావాల్సింది శాతం పెంచుకోవడం కాదు, "రాయడానికి ఇబ్బంది ఉంది, స్క్రైబ్ అవసరం" అని ప్రభుత్వ డాక్టర్ల బోర్డు ఇచ్చే సర్టిఫికెట్.
ఇంకోటి, నోటిమాటగా అడగొద్దు. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. కాగితం మీద "కుదరదు" అని రాసి సంతకం పెట్టడానికి ఎవరూ అంత తొందరపడరు.

నిజం_మాట్లాడదాం:
ఇలా అడిగినవాళ్లందరికీ ఇచ్చుకుంటూ పోతే దొంగ సర్టిఫికెట్లు పుట్టుకురావా?

లైబ్రరీ_మూల:
ఆ కేసులో కూడా దుర్వినియోగం అవుతుందన్న వాదన పెట్టారండీ, కోర్టు ఒప్పుకోలేదు. దొంగల్ని పట్టుకోవడం బోర్డు పని, దానికి ఈ అమ్మాయి పేపర్ ఎందుకు పోగొట్టుకోవాలి?

చెప్పి_రాయించా:
నాకు చూపు తక్కువ, మూడేళ్లూ స్క్రైబ్‌తోనే రాశాను. స్క్రైబ్ దొరికితే గండం గట్టెక్కినట్టే అనుకోకండి. ఎకనామిక్స్ పేపర్‌కి పంపిన అబ్బాయికి "ఎలాస్టిసిటీ" ఒక్కో అక్షరం చెప్పి రాయించాను, గ్రాఫ్ గీయించేసరికి నాకు చెమటలు పట్టాయి. చెప్పి రాయించడం కూడా ఒక విద్యే, ఇప్పట్నుంచే ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయండి. గంటకు 20 నిమిషాల లెక్కన మూడు గంటల పేపర్‌కి గంట అదనంగా రావాలి, అది పర్మిషన్ లెటర్లో రాసి ఉందో లేదో చూసుకోండి. నాకు ఒకసారి రాయలేదు, ఇన్విజిలేటర్ బెల్లు కొట్టగానే పేపర్ లాక్కున్నాడు, బతిమాలినా వినలేదు.

డిగ్రీ_రెండో_ఏడు:
అందరికీ థాంక్స్. సోమవారం నాన్నతో జిల్లా ఆసుపత్రికి వెళ్తున్నా. మా తమ్ముణ్ని కూర్చోబెట్టి ఇందాకే ఒక జవాబు చెప్పి చూశాను, నాలుగో లైనుకే ఇద్దరం కొట్టుకున్నాం.