పడమటి గదికి వంగపండు రంగా, లేత లావెండరా?

ఊదాపువ్వు: పది బై పదకొండు గది, ఒకటే కిటికీ, అదీ పడమరకి. నాకు నాలుగు గోడలకీ ముదురు వంగపండు రంగు కావాలి. ఇంట్లో లేత లావెండర్ అంటున్నారు. ఎవరైనా వేయించారా?

గోడమీదపిల్లి: లావెండర్. కళ్ళు మూసుకుని.

పాతసున్నం: ముదురు వద్దమ్మా. మా హాల్లో ఒక్క గోడకి వేయించాను. పెయింటరు రెండు కోట్లన్నాడు, రెండయ్యాక కూడా చారలు చారలుగా కింద తెలుపు కనిపిస్తూనే ఉంది, నాలుగు వేస్తే గానీ కవర్ అవ్వలేదు, డబ్బులూ మళ్ళీ తీసుకున్నాడు. పైగా చెయ్యి తగిలితే మరక, సోఫా రాసుకుంటే తెల్లగీత.

రోలర్‌రాజు: తెల్ల ప్రైమర్ మీదే, అంటే రంగుకి ముందు వేసే అడుగు పూత మీదే, కొట్టి ఉంటాడండీ. ముదురు రంగుల్ని డీప్ బేస్ అనే మూల పెయింట్‌లో కలుపుతారు, అందులో తెల్ల పిగ్మెంట్ దాదాపు ఉండదు, అందుకే కింద ఉన్నది కనిపిస్తుంది. ప్రైమర్‌లో బూడిద రంగు కలిపిస్తే కోట్లు తగ్గుతాయి. మరకల మాట మాత్రం నిజమే, మ్యాట్ కాకుండా కాస్త మెరుపున్న ఫినిష్ తీసుకోండి. లావెండర్ అయినా సరే షేడ్ కార్డు చూసి కొనకండి, తెల్ల ట్యూబ్‌లైట్ కింద నీలంగా, పసుపు బల్బు కింద బూడిదగా మారిపోతుంది. శాంపిల్ డబ్బా తెచ్చి గోడ మీద రెండడుగుల మేర పూసి పొద్దున ఒకసారి, లైటేశాక ఒకసారి చూడండి.

పాతసున్నం: నాలుగు కోట్లు. దానికి జవాబు చెప్పండి.

రోలర్‌రాజు: చెప్పాను కదా సార్, ప్రైమర్.

పాతసున్నం: వేసేటప్పుడు సరే, మార్చేటప్పుడు? రేపు అమ్మాయి పెళ్ళయి వెళ్ళాక ఆ చీకటి గుయ్యారంలో చుట్టాలు పడుకుంటారా?

ఊదాపువ్వు: బాబాయ్‌గారూ, నా పెళ్ళి సంగతి నేనెక్కడ రాశాను? మా నాన్న కూడా అచ్చం ఇదే మాట అన్నారు, అది వినలేకే ఇక్కడ అడిగాను. ఆ ఇంటి ఈఎంఐలో సగం నా జీతం. ఇరవై తొమ్మిదేళ్ళు నాకు. ఇంకా ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం నా గదికి రంగు వేయించుకోవాలా?

గోడమీదపిల్లి: అయితే వంగపండే.

పాతసున్నం: కోపం దేనికమ్మా. ఆ హాలు గోడ రంగు ఎంచింది మా అమ్మాయే. తను బెంగళూరు వెళ్ళాక తెల్లరంగు కొట్టించేశాను. పండక్కొచ్చి చూసింది, ఏమీ అనలేదు.

రోలర్‌రాజు: దాని మీద తెలుపంటే, మూడు కోట్లు పట్టిందా సార్?