రాష్ట్రం సొంతంగా ఉరి చట్టం చేసుకోవచ్చా? చేసుకోవాలా?

కావలి_కుర్రోడు:
అన్నలూ అక్కలూ, రాత్రి మా హాస్టల్లో దీని మీదే గొడవ, రెండు దాకా ఎవరూ పడుకోలేదు. 2019 డిసెంబర్ 13న మన ఏపీ అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసింది. రేప్ కేసులో గట్టి సాక్ష్యం ఉంటే ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21, ఆపైన ఉరి దాకా వెయ్యొచ్చు. ఢిల్లీ వాళ్ళు కొర్రీలు పెడితే 2020లో మార్చి మళ్ళీ పంపారు. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు. మహారాష్ట్ర శక్తి బిల్లుదీ, 2024 సెప్టెంబర్‌లో బెంగాల్ పాస్ చేసిన అపరాజిత బిల్లుదీ అదే కథ. నేరం మన ఊళ్ళో, పోలీసులు మనవాళ్ళు, అసెంబ్లీ మనది, మధ్యలో ఢిల్లీ సంతకం ఎందుకు? దిశ మళ్ళీ పెట్టాలంటాను నేను. పార్టీల గోల వద్దు, విషయం మాట్లాడండి.

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
పెట్టాలి. పదిసార్లు వెనక్కి పంపినా పెట్టాలి. తమ్ముడూ నువ్వు అప్పటికి చిన్నపిల్లాడివి, 2008లో ఒంగోలు హైవే మీద రాత్రిపూట లారీ తోలినోడిని అడుగు. రికార్డులు చూపించమని ఆఫీసర్ల వేషంలో లారీ ఆపడం, డ్రైవర్‌నీ క్లీనర్‌నీ తాడు బిగించి చంపడం, శవాలు పూడ్చెయ్యడం, ఇనుము అమ్ముకోవడం, లారీని ముక్కలు కోసి తుక్కు కింద వేసెయ్యడం. ఆ ముఠా దొరికిన తర్వాత కూడా చీకట్లో ఎవరైనా టార్చిలైటు ఊపితే నా కాలు బ్రేక్ మీదికి పోయేది కాదు, యాక్సిలేటర్ మీదికే పోయేది. నిజం ఆర్టీవో అయితే ఫైన్ కట్టుకుందాం, ముందు ప్రాణం మిగలాలి కదా అని. ఆ కేసులో ఒంగోలు కోర్టు పన్నెండు మందికి ఉరి వేసింది, ఎప్పుడు? 2021 మే నెలలో. పదమూడేళ్ళు! ఆ డ్రైవర్ల పిల్లలకు పెళ్ళీడు వచ్చి ఉంటుంది. 21 రోజులంటే తప్పేంది?

గుమస్తా_గారు (ఒంగోలు):
సుబ్బన్నా, 21 రోజులు కాదు, 21 పనిదినాలు. కుర్రాడు సరిగ్గానే రాశాడు, నువ్వు చదవలేదు. ఇక అసలు విషయం. క్రిమినల్ చట్టం రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంది, అంటే కేంద్రమూ చెయ్యొచ్చు, రాష్ట్రమూ చెయ్యొచ్చు. రెండూ ఢీకొంటే కేంద్రానిదే చెల్లుతుంది. రాష్ట్రానిది నిలబడాలంటే రాజ్యాంగం 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి, అప్పుడు ఆ రాష్ట్రం వరకు నడుస్తుంది. ఇది ఎవరి దయాదాక్షిణ్యం కాదు, రాజ్యాంగమే అట్లా ఉంది. ఇంకోటి, సెషన్స్ కోర్టు ఉరి వేసినంత మాత్రాన తాడు బిగించరు. హైకోర్టు ఖరారు చెయ్యాలి. ఆ తర్వాత సుప్రీంకోర్టు, క్షమాభిక్ష. వీటిని ఏ అసెంబ్లీ తీసెయ్యలేదు. దిశ చట్టం అయినా ఇరవై రెండో రోజున ఎవర్నీ ఉరి తియ్యరు.

మార్కాపురం_మహేష్:
ఇవన్నీ ఎందుకు, ఎన్‌కౌంటరే కరెక్ట్. చటాన్‌పల్లి దగ్గర 2019లో దిశ కేసు నిందితులు నలుగుర్ని చేశారు చూడు.

గుమస్తా_గారు (ఒంగోలు):
మహేష్, దాని మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏమి చెప్పిందో చదువు. పోలీసులు చెప్పిన కథ కల్పితమనీ, పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలనీ రాశారు. ఆ నలుగురే నేరం చేశారో లేదో ఇక ఏ కోర్టూ తేల్చలేదు, చచ్చిపోయారు కాబట్టి.

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
గుమస్తా గారూ పనిదినాలా మామూలు దినాలా అని పట్టుకున్నారు చూడండి, అదీ మీ కోర్టు బుద్ధి. మనిషి చచ్చాడంటే ఏ తేదీన, ఏ స్టేషన్ పరిధిలో అని అడుగుతారు. ఆదివారాలు తీసేస్తే నెల. సరే, నెలే అనుకోండి. పదమూడేళ్ళకీ నెలకీ తేడా లేదా?

సింహపురి_శ్రావణి (నెల్లూరు):
ఇద్దరికీ నమస్కారం. నేను నర్సుని, ఆస్పత్రి పేరు అడగొద్దు. కేసు కట్టిన ఆడపిల్లల్ని ముందు చూసేది మేమే. మీరిద్దరూ లారీ దొంగల దగ్గర మొదలుపెట్టి మాట్లాడుతున్నారు, మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి చేసినవాడు దొంగా కాదు, ఎవరో తెలియనివాడూ కాదు. బాబాయి, మేనమామ, పక్కింటి అన్న, ట్యూషన్ మాస్టారు. తల్లి నా చెయ్యి పట్టుకుని అడిగే మొదటి మాట, "అమ్మా, రిపోర్టులో రాస్తే వాడికి ఉరి పడుతుందంట కదా, నిజమేనా?" అని. మా ఆయన తమ్ముడండీ, మా అత్త చచ్చిపోతుంది అంటుంది. ఆ మాట తర్వాత చాలామంది కాగితం మీద సంతకం పెట్టరు, మళ్ళీ వస్తామని పోతారు. 2018లో పన్నెండేళ్ళ లోపు పిల్లల విషయంలో ఉరి పెట్టింది కేంద్రమే, 2019లో పోక్సోలో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టంలో కూడా పెట్టింది. అంటే పిల్లల విషయంలో ఉరి ఇప్పుడే ఉంది, అక్కడ రాష్ట్రం కొత్తగా తెచ్చేది ఏమీ లేదు. నిర్భయ తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ కూడా రేప్‌కి ఉరి సిఫార్సు చెయ్యలేదు.

కనిగిరి_కొండయ్య:
శ్రావణమ్మా, శిక్ష ఎక్కువని కంప్లైంట్ ఇవ్వరంటే, శిక్ష తగ్గిస్తే ఇస్తారా? ఇదెక్కడి లాజిక్కు?

సింహపురి_శ్రావణి (నెల్లూరు):
తగ్గించమనలేదు కొండయ్య గారూ. ఉరి అనే మాట ఇంట్లో ఎవరి మీద పనిచేస్తుందో చూడమంటున్నా. చేసినవాడు భయపడటం నేను చూడలేదు, తల్లి భయపడటం చూశాను. ఇంకో సంగతి, బతికి ఉంటే సాక్ష్యం చెబుతుంది, చంపినా చంపకపోయినా ఉరే అయితే వాడు ఏమి చేస్తాడు? ఆలోచించండి.

కావలి_కుర్రోడు:
అక్కా మరి బెంగాల్‌లో అట్లా ఎందుకు పెట్టారు? అపరాజితలో అమ్మాయి చనిపోతే ఉరి తప్పనిసరి అన్నారు కదా.

గుమస్తా_గారు (ఒంగోలు):
"తప్పనిసరి" అన్నచోటే అది కూలిపోతుంది తమ్ముడూ. 1983లో మిఠూ కేసులో సుప్రీంకోర్టు ఐపీసీ 303 సెక్షన్ కొట్టేసింది, ఎందుకంటే అందులో జడ్జికి ఉరి తప్ప ఇంకో దారి లేదు. 1980 బచన్ సింగ్ తీర్పు నుంచీ అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి అని నడుస్తోంది. అసెంబ్లీలో బల్లలు చరిచేవాళ్ళకి ఇవన్నీ తెలుసు. తెలిసే పెడతారు. ఉరి అని రాయడానికి బడ్జెట్ అక్కర్లేదు. మంగళగిరి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మనుషుల్ని పెంచాలన్నా, కొత్త కోర్టుకి జడ్జినీ స్టెనోనీ ఇవ్వాలన్నా డబ్బు కావాలి. డీఎన్ఏ రిపోర్టు కోసం ఎదురు చూసిన ఫైళ్ళు నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో.

ఇక తొందర గురించి. ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబర్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్య గుర్తుందా? ఒక పేద కుర్రాణ్ణి పట్టుకొచ్చారు, 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది, 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలి లక్ష రూపాయలు పరిహారం ఇమ్మంది. అప్పుడు 21 పనిదినాల్లో ఉరి వేసి, పైకోర్టులు కూడా అదే తొందరలో ఖరారు చేసి ఉంటే, తర్వాత నిర్దోషి అని వదలడానికి మనిషి ఉండేవాడా? నాకు దీని మీద సొంత నొప్పి కూడా ఉంది. నా బావమరిదిని ఒక హత్య కేసులో అనుమానం మీద తీసుకెళ్ళి, ఏ స్టేషనో చెప్పను, నడవలేని స్థితిలో పంపారు. వారానికి అసలువాడు దొరికాడు. మా వాడు ఈ రోజుకీ ఖాకీ బట్ట కనిపిస్తే షాపు షట్టర్ దించేస్తాడు.

మార్కాపురం_మహేష్:
ఒకరిద్దరి కోసం అందర్నీ వదిలేస్తామా?

సింహపురి_శ్రావణి (నెల్లూరు):
ఆ ఒకరిద్దరిలో మీ తమ్ముడు ఉంటే?

గుమస్తా_గారు (ఒంగోలు):
చిలకలూరిపేట బస్సు కేసు కూడా మర్చిపోవద్దు. 1993లో బస్సు దోపిడీకి పెట్రోలు పోసి నిప్పు పెడితే 23 మంది పోయారు. ఇద్దరికి ఉరి. అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష తిరస్కరించారు, తర్వాత నారాయణన్ గారి హయాంలో యావజ్జీవం అయింది. మన పక్క జిల్లాలోనే జరిగింది, ఆ శవాలు చూసినవాళ్ళకి ఇప్పటికీ ఇద్దర్నీ వదిలారనే కోపం ఉంది. ఉరి వద్దని పోరాడినవాళ్ళు చనిపోయినవాళ్ళని తక్కువ చేశారని కాదు.

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
చాలు గుమస్తా గారూ. కేసులు అప్పచెప్పడం ఆపండి. మీకు ప్రతి వాయిదాకీ ఒక సెక్షన్ ఉంటుంది, మాకు ప్రతి వాయిదాకీ ఒక రోజు కిరాయి పోతుంది. నలభై ఏళ్ళు ఆ టేబుల్ దగ్గర కూర్చుని మామూళ్ళు తిన్నవాళ్ళు రాజ్యాంగం గురించి చెబుతుంటే వినాల్సి వస్తోంది.

గుమస్తా_గారు (ఒంగోలు):
నేను తిన్నానని నీకు తెలుసా? మాట వెనక్కి తీసుకో.

అడ్మిన్:
వ్యక్తిగతం వద్దు. ఇంకోసారి అయితే థ్రెడ్ మూసేస్తా.

కనిగిరి_కొండయ్య:
సుబ్బన్న అన్నదాంట్లో అబద్ధం మాత్రం ఏముంది, ఊరికే అన్నాను 😀

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
మూసేస్తే మూసెయ్యండి, నేను చెప్పేది చెప్పి పోతా. మా చెల్లెలి కూతురు కేసు నడుస్తోంది. వాడు బయటివాడు కాదు, శ్రావణమ్మ చెప్పిన రకమే, మా బావ వైపు చుట్టం. బెయిల్ మీద బయట ఉన్నాడు. కోర్టు దగ్గర వరండాలో ఒకే బెంచీ, ఆ చివర వాళ్ళు, ఈ చివర మేము. బంట్రోతు పేరు పిలుస్తాడు, పిల్ల లేచి నిలబడుతుంది, ఈ రోజు డాక్టరమ్మ రాలేదు అంటారు, ట్రాన్స్‌ఫర్ అయిందంట. ఇంకోసారి పీపీ గారు, అంటే సర్కారు లాయరు, మారారు. బయట టీ కొట్టు దగ్గర వాడి నాన్న మా వాళ్ళకి కూడా డబ్బులు ఇచ్చేస్తాడు, మేము తాగకుండా వస్తాం. ఈ మధ్యలో పెద్దమనుషులు వస్తారు. ఏమంటారో తెలుసా? "పోక్సో అమ్మా, పెద్ద శిక్ష, ఉరి కూడా ఉందంట, వాడికి ఏదైనా అయితే ఆ ఉసురు నీ కూతురికి తగులుతుంది, పెళ్ళి కావాల్సిన పిల్ల, రాజీ అయిపో." ఇదీ జరిగేది. శ్రావణమ్మా నువ్వు చూసింది అబద్ధం అనడం లేదు. నువ్వేమో అందుకని చట్టంలో ఉరి వద్దంటున్నావు. నేనేమంటున్నానంటే, 21 రోజుల్లో అయిపోతే ఈ పెద్దమనుషులకి మా ఇంటికి రావడానికి టైమ్ ఎక్కడ ఉంటుంది? వాళ్ళు వచ్చేది వాయిదాల మధ్యలోనే.

సింహపురి_శ్రావణి (నెల్లూరు):
అన్నా. ఇది ముందే చెప్పి ఉంటే మనం ఇంత అరుచుకునేవాళ్ళం కాదు. అయినా నా మాట మారదు. వాళ్ళు మీ చెల్లెల్ని భయపెట్టింది ఉరి అనే మాటతోనే కదా. పదేళ్ళు జైలు అని ఉంటే ఆ ఉసురు మాట ఇంత గట్టిగా అనగలిగేవాళ్ళా?

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
జైలు అయినా అనేవాళ్ళే. రాజీ కావాలనుకున్నోడికి మాట దొరక్కపోతుందా?

గుమస్తా_గారు (ఒంగోలు):
సుబ్బన్నా, మామూళ్ళ మాట పక్కన పెడుతున్నా, మర్చిపోలేదు. నువ్వు అడిగే గడువు ఇప్పుడే చట్టంలో ఉంది. రేప్ కేసుల్లో దర్యాప్తు రెండు నెలల్లో అవ్వాలి. ఛార్జిషీటు వేశాక విచారణ రెండు నెలల్లో అవ్వాలి, పాత సీఆర్‌పీసీలో 309 సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 346. పోక్సోలో అయితే కోర్టు కేసు తీసుకున్న ముప్పై రోజుల్లో పిల్ల సాక్ష్యం రాసుకోవాలి, ఏడాదిలోపు వీలైనంతవరకు తేల్చాలి, 35వ సెక్షన్. పీపీ గారితోపాటు మీ తరఫున మీరు సొంత లాయర్‌ని కూడా పెట్టుకోవచ్చు, స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే ఉచితంగా ఇస్తారు. డాక్టరమ్మ ట్రాన్స్‌ఫర్ అయితే వీడియోలో సాక్ష్యం తీసుకోవచ్చు, దానికి కోర్టులో మెమో, అంటే చిన్న అర్జీ, వెయ్యమను. పిల్ల ముందు వాడు కనిపించకుండా తెర పెట్టాలి, ఆ వరండా బెంచీ సంగతి కూడా అందులో రాయి.

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
రెండు నెలలు అని రాసి ఉన్నా జరగడం లేదంటే, 21 అని రాస్తే మాత్రం జరుగుతుందా అని మీరు అడుగుతారు, నాకు తెలుసు. నా ప్రశ్న వేరు. రెండు నెలల గడువు దాటించినోడికి ఏ శిక్ష ఉంది? వాడికి లేదు. మా చెల్లెలికే రోజూ శిక్ష.

గుమస్తా_గారు (ఒంగోలు):
లేదు. అది నిజం.

కావలి_కుర్రోడు:
అయితే అసెంబ్లీ ఆ పని చెయ్యొచ్చు కదా గుమస్తా గారూ, ఆలస్యం చేసిన ఆఫీసర్ మీద, ల్యాబ్ మీద చర్య అని? దానికి కూడా ఢిల్లీ సంతకం కావాలా?

గుమస్తా_గారు (ఒంగోలు):
దర్యాప్తు ఆఫీసర్, ల్యాబ్ సిబ్బంది, పీపీ అందరూ రాష్ట్ర ఉద్యోగులే. వాళ్ళ మీద చర్యకి చాలావరకు ఒక జీవో చాలు. కానీ జీవోకి టీవీలో చర్చ పెట్టరు.

మార్కాపురం_మహేష్:
మళ్ళీ రాజకీయం.

స్టీరింగ్_సుబ్బన్న (టంగుటూరు):
గుమస్తా గారూ ఆ మెమో ఎట్టా రాయాలో ఒక నమూనా ఇక్కడ పెట్టండి. సాయంత్రం లోడు దించి ఫోన్ చూస్తా. ఉరి మీద మాత్రం నా మాట అదే, మీరెంత చెప్పినా మారను.

సింహపురి_శ్రావణి (నెల్లూరు):
నేను కూడా మారను అన్నా. నమూనా నాకు కూడా పంపండి గుమస్తా గారూ, మా వార్డులో ఇద్దరికి కావాలి.