'కారుణ్య మరణం' అనే మాట సరైనదేనా? శ్లోకంలో ఉన్నది దైన్యం కదా

అనువాదకురాలు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. యూథనేసియా మీద వైద్య విద్యార్థుల పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఆ మాటకు పత్రికల్లో వాడే 'కారుణ్య మరణం' అనే రాసుకుంటూ పోయాను. మూడో పేజీకి వచ్చేసరికి ఇరుక్కుపోయాను. వెంటిలేటర్ తీసేయడం, డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వడం, డాక్టరు రాసిచ్చిన మందు రోగి తనంతట తాను తాగడం – ఈ మూడూ వేరని చెప్పడమే ఆ పాఠం పని. నా తెలుగులో మూడూ ఒకటే అయిపోయాయి. ఇచ్ఛామరణం, అనాయాస మరణం లాంటివి దేనికైనా పనికొస్తాయా? 'అనాయాసేన మరణం' శ్లోకం ఉంది కదా, అక్కడినుంచి తీసుకోవచ్చా?

పురాణాల సభ్యుడు:
ఇచ్ఛామరణం వద్దండీ. అది శంతనుడు భీష్ముడికి ఇచ్చిన వరం. ఆయన అంపశయ్య మీద ఉత్తరాయణం వచ్చేదాకా ప్రాణం నిలుపుకున్నాడు. కోరినప్పుడు పోవడం ఒక్కటే కాదు, కోరేదాకా పోకుండా ఉండటం కూడా ఆ వరంలో ఉంది. ఆ రెండోది ఏ ఆస్పత్రీ ఇవ్వలేదు. ప్రాయోపవేశమూ, అంటే తిండి మానేసి చావుకోసం కూర్చోవడమూ కుదరదు, అలా కూర్చున్న పరీక్షిత్తు పక్కన డాక్టరు లేడు.

సంస్కృతం మాస్టారు:
శ్లోకం పూర్తిగా చూద్దాం. 'అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం, దేహాంతే తవ సాన్నిధ్యం, దేహి మే పరమేశ్వర.' మొదటి పాదం అచ్చంగా యూథనేసియా అనే గ్రీకు మాటకు సరిపోతుంది. ఆ మాటకు అర్థం మంచి చావు అనే. ఎవరైనా బాధ లేకుండా చటుక్కున పోయారని తెలిస్తే రోమ్ చక్రవర్తి అగస్టస్ ఆ మాటే వాడి, తనకూ తనవాళ్ళకూ అలాంటిదే కావాలని కోరుకునేవాడట. చివరికి అలాగే పోయాడని రోమన్ చరిత్రకారుడు స్వెటోనియస్ రాశాడు. అందులో మందు ఇచ్చినవాడెవడూ లేడు. కాబట్టి అనాయాస మరణం అంటే చావు వచ్చిన తీరు. మీ పాఠానికి కావలసింది ఒకరు చేసే పని పేరు. అందుకు పనికిరాదు.

అందరం వదిలేసేది రెండో పాదం. అసలు విషయం అక్కడే ఉందని నాకనిపిస్తుంది. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో 1997 నుంచి చట్టం అమల్లో ఉంది. ఆరు నెలలకు మించి బతకడం కష్టమని ఇద్దరు డాక్టర్లు తేల్చాక, మందు రాసిస్తారు, రోగి తనే తీసుకోవాలి. ఎందుకు అడిగారో ఏటా నివేదిక వేస్తారు. నొప్పి అందులో ముందు వరసలో ఉండదు. నా మీద నాకు అదుపు పోతోంది, నాకిష్టమైన పనులు చేయలేకపోతున్నాను, గౌరవం పోతోంది – ఇవీ ఎక్కువమంది చెప్పేవి. మందు రాయించుకున్నవాళ్ళలో సుమారు మూడో వంతు మంది దాన్ని వాడకుండానే పోతారు. చేతిలో ఉంటే చాలు అనుకున్నారన్నమాట. వాళ్ళు అడిగేది మొదటి పాదం కంటే రెండోది. దైన్యం వద్దంటున్నారు.

ఇప్పుడు 'కారుణ్యం' చూడండి. కరుణ పుట్టాలంటే ఎదురుగా ఒక దీనుడు ఉండాలి. దైన్యం వద్దని అడిగినవాణ్ణి, మాట పెట్టగానే దీనుణ్ణి చేసేశాం! అడిగిన మనిషి ఆ మాటలో ఎక్కడా లేడు. కరుణించినవాడు మాత్రం ఉన్నాడు.

చరిత్ర చదివే సభ్యురాలు:
మాస్టారూ, మీరన్నది మాట వరస కాదు, జరిగిందే. 1939లో హిట్లర్ సంతకం చేసిన కాగితంలో ఉన్న జర్మన్ మాట 'గ్నాడెన్‌టోడ్'. కారుణ్య మరణం అంటే అచ్చు అదే. మానసిక రోగులను, వికలాంగులను గ్యాస్ గదులకు పంపారు. 1941 ఆగస్టు లోపలే 70 వేల మందికి పైగా. వాళ్ళలో ఎవరినీ అడగలేదు. అందుకే జర్మన్లు ఈనాటి చర్చలో యూథనేసియా అనడానికి జంకుతారు, 'చనిపోవడానికి సాయం' అనే అర్థం వచ్చే మాట వాడతారు. నెదర్లాండ్స్ 2002 నుంచి అమలు చేస్తున్న పద్ధతిలో రోగి తనంతట తాను అడిగితేనే దాన్ని యూథనేసియా అంటారు.

ఐసీయూ డాక్టరు:
అడగలేనివాళ్ళ మాటేమిటి మాస్టారూ? నా దగ్గర ఉండేవాళ్ళలో ఎక్కువమందికి స్పృహే ఉండదు. వాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు మాట్లాడతారు. 'కారుణ్య మరణం ఇప్పించండి' అని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు. 'ఇంక ఇబ్బంది పెట్టకండి', 'ప్రశాంతంగా పోనివ్వండి' అంటారు. తర్వాత ఏం జరుగుతుందో చెప్తాను. ముందు ఆయాసం తెలియకుండా మార్ఫిన్, మత్తు ఇస్తాం. మానిటర్ అలారం కట్టేస్తాం. గొట్టం తీసి మూతి తుడుస్తాం. కొందరు పది నిమిషాల్లో పోతారు, కొందరు రాత్రంతా సొంతంగా ఊపిరి పీలుస్తారు. ఆ రాత్రంతా ఇంట్లోవాళ్ళకు టెన్షనే. అక్కడ ప్రాణం తీసింది జబ్బు. మేం అడ్డు తప్పుకున్నాం. మన సుప్రీంకోర్టు 2018లో షరతులతో ఒప్పుకున్నది ఇంతవరకే. ఇంజెక్షన్ ఇస్తే నేరమే.

'పోనివ్వడం' అనే మాట మన చేతిలో ఉండగా ఇంకెక్కడో వెతకడం ఎందుకు?

తత్త్వశాస్త్రం విద్యార్థి:
డాక్టరుగారూ, పోనివ్వడం అనగానే తప్పు తగ్గిపోతుందా అని 1975లోనే జేమ్స్ రేచల్స్ అనే తత్త్వవేత్త అడిగాడు. ఆస్తి కోసం ఒకడు పిల్లవాణ్ణి నీళ్ళతొట్టిలో ముంచుతాడు. ఇంకొకడు ముంచడానికే వెళ్తాడు, ఈలోపు పిల్లవాడే జారి మునిగితే చూస్తూ నిలబడతాడు. రెండోవాడు 'పోనిచ్చాడు' అంతే. తక్కువ దుర్మార్గుడా?

ఐసీయూ డాక్టరు:
కాదు. కానీ ఆ పిల్లవాడు చెయ్యి అందిస్తే బతికేవాడు. నా రోగికి నేను చెయ్యి అందిస్తూనే ఉన్నాను, ఫలితం లేదు. అదీ తేడా. ఉద్దేశం ఒక్కటే చూస్తే చాలదు.

వీల్‌చైర్ సభ్యుడు:
మాస్టారి విశ్లేషణ బాగుంది. నాకు మాత్రం 'దైన్యం' దగ్గరే గుచ్చుకుంది. నాకు ఒళ్ళు తుడిచేదీ బట్టలు తొడిగేదీ వేరేవాళ్ళే. నేను దీనంగా బతుకుతున్నానా? ఆరెగన్ వాళ్ళు చెప్పిన కారణాలన్నీ నా మామూలు రోజే. ఒకరి మీద ఆధారపడటాన్ని దైన్యం అని రాసిపెడితే, రేపు నాలాంటివాడు అడక్కపోయినా 'అడగవేం?' అన్నట్టు చూస్తారు. చాలా దేశాల్లో వికలాంగుల సంఘాలు ఈ చట్టాలను వ్యతిరేకించేది ఇందుకే. చావును కోరుకునే హక్కు వద్దని కాదు నేననేది. సాయం దొరక్క కోరుకుంటున్నారా అని ముందు చూడమంటున్నాను.

సంస్కృతం మాస్టారు:
ఒప్పుకుంటాను నాయనా. శ్లోకంలో దైన్యం అంటే చెయ్యి చాచి బతిమాలుకోవాల్సి రావడం. అడక్కుండా సాయం అందేచోట అది ఉండదు. ఆరెగన్‌కు ఆ మాట అతికించినప్పుడు నేను ఈ తేడా చెప్పలేదు, అది చెప్పాల్సిందే.

అనువాదకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. 'కారుణ్య మరణం' పత్రికల వాడుకగా ఒక్కసారి చెప్పి వదిలేస్తున్నాను. వెంటిలేటర్ విషయానికి 'చికిత్స విరమణ', పాఠం నడకలో డాక్టరుగారి 'పోనివ్వడం'. రోగే తాగేదానికి 'వైద్య సహాయంతో మరణం'. స్విట్జర్లాండ్‌లో సెలైన్ ద్వారా ఇచ్చినా వాల్వు రోగి తన చేత్తోనే తిప్పాలి, దాన్నీ ఇందులోనే పెడతాను. ఇక ఇంజెక్షన్. 'రోగి కోరికపై వైద్యుడు ప్రాణం తీయడం' అని రాస్తే సమర్థించేవాళ్ళు హత్య అన్నట్టుందంటారు, మెత్తగా రాస్తే వ్యతిరేకులు ముసుగేశారంటారు. దానికి 'యూథనేసియా' అనే ఉంచేస్తున్నాను. ఎవరికైనా ఇంతకంటే మంచిది తడితే శుక్రవారం లోపు చెప్పండి, ఆ తర్వాత ప్రూఫులు వెళ్ళిపోతాయి.